ఉత్తరం వైపు అద్దం

ఎష్‌బోర్న్‌లో, జర్మనీలో నేనిప్పుడుంటున్న ఊళ్ళో, మా ఆఫీసు కింద కార్లు పెట్టుకునే చోటు నుంచి బయటికి వచ్చే మలుపులో ఒక గుండ్రటి అద్దం ఉంది, ఎదురొచ్చే కార్లు కనపడ్డానికి. మొన్నొక సాయంత్రం కొలీగుతో కలిసి నడిచొస్తూ, ఆ అద్దం ముందు ఆగి, కుడిచెయ్యి ఎత్తి అలాగే నిలబడిపోయానట. నాకు తెలియనే తెలియదు. అతను హైదరాబాదు మనిషి, మలక్‌పేట. చూసి చూసి, "ఎవరికి సలాం కొడ్తున్నవ్ అన్నా? అండ్ల నువ్వే ఉన్నవ్ గద," అన్నాడు.

నిజమే, అద్దంలో నేనే ఉన్నాను. పొట్టతో సహా ఉన్నాను. గుండ్రటి అద్దాలు ఆ విషయంలో మొహమాటపడవు. నవ్వేసి చెయ్యి దించాను. దించానే గాని, దించకూడదేమో అనిపించింది. "పైవాళ్ళు దించాకే కిందవాళ్ళు దించాలి" అని నాకు నేర్పిన ముసలావిడ గుర్తొచ్చింది. ఆవిడ పోయి చాలా కాలమైంది. కొన్ని నెలల పాటు ఆవిడతో రోజూ మాట్లాడాను గాని, ఆవిడ ముఖం ఒక్కసారి కూడా నేరుగా చూసి ఎరగను. చూసిందంతా అద్దంలోనే.

అప్పట్లో నేను జర్మనీకి ఉత్తరాన చిట్టచివర, ఫ్లెన్స్‌బుర్గ్‌లో ఉండేవాణ్ణి. నాది గాలి ఉద్యోగం. అంటే గాలిమరలకు సాఫ్ట్‌వేరు రాసే కంపెనీలో పని. ఊరు దాటి బస్సులో కాసేపు వెళ్తే డెన్మార్క్ వస్తుంది. ఒకప్పుడు ఆ ఊరు కూడా డెన్మార్క్ రాజుదే. నేనున్న వీధి ఆ రాజుల కాలం నాటిది. వీధి ఉన్నచోటే ఉంది, రాజ్యాలే దాని మీదుగా అటూ ఇటూ నడిచిపోయాయి. ఊళ్ళోవాళ్ళు ఇది పెద్ద విశేషంలా చెప్పేవారు. నాకేమీ విశేషం అనిపించేది కాదు. మాది సాలూరు. కూర్చున్న చోటి నుంచి లేవకుండానే జిల్లా మారిపోయినవాళ్ళం.

ఇరుకు వీధి, నేలంతా రాళ్ళు పరిచి ఉంటుంది. ముందువైపు సన్నటి ఇళ్ళు, ఇంటింటికీ ఒక కమాను గేటు, గేటు వెనక రేవు దాకా సాగే పొడుగాటి ఆవరణ. వీధికి అడ్డంగా అక్కడక్కడ తీగలు, ఆ తీగల నిండా బూట్లు. లేసులు ముడివేసి జతలు జతలుగా ఎవరెవరో పైకి విసిరినవి. ఎందుకు విసిరారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పేవారు. లాక్‌డౌన్ వచ్చి వీధిలో మనుషులు మాయమయ్యాక బూట్లు మాత్రం మిగిలాయి. గాలి వీచినప్పుడల్లా మా తలల మీద నడిచేవి.

మా ఆవిడా పాపా ఫిబ్రవరిలో మరదలి పెళ్ళికని సాలూరు వెళ్ళారు. విమానాలు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకున్నారు. ఇంట్లో నేనూ, లాప్‌టాపూ, రైస్ కుక్కరూ. ముగ్గురం ఒకరికొకరం వేడెక్కుతూ కాలక్షేపం చేసేవాళ్ళం.

ఎదుటి వరసలో, మా ఇంటికి కాస్త ఉత్తరంగా ఉన్న ఇంటి మొదటి అంతస్తు కిటికీకి బయటివైపు ఒక అద్దం ఉండేది. ఇనుప చువ్వకు బిగించి, ఏటవాలుగా. అది మా కిటికీ వైపే గుడ్లప్పగించి చూస్తున్నట్టుండేది. వీడియో కాల్‌లో మా ఆవిడకు చూపించాను.

"అద్దం బైటెట్టుకున్నారేటి? మొహం సూసుకోడానికి ఈధిలోకొస్తారేటి?" అంది. కాస్త ఆలోచించి, "అది దిష్టద్దమండి. ఆళ్ళ దిష్టంతా మనింటి మీదికి తిప్పుతున్నారు," అని తేల్చింది. వెనక నుంచి మా అత్తగారు అవునవునంటున్నారు.

మేం నాలుగు తరాల లూథరన్లం. బాప్తిస్మం తీసుకున్నాం గాని దిష్టి తీసుకోవడం మానలేదు. దాని మీద నమ్మకం లేదు, భయం మాత్రం ఉంది. మా ముత్తాతకు బాప్తిస్మమిచ్చిన దొర ఈ చుట్టుపక్కల నుంచే వచ్చాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన అంతదూరం వచ్చి మానిపించిన పనిని నేను ఇంతదూరం వచ్చి ఆయన పెరట్లోనే మొదలుపెట్టాను. అద్దానికి అద్దమే మందు అన్నారు మా అత్తగారు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. బాత్రూమ్ గోడకు ఉన్న గడ్డం గీసుకునే అద్దం, ఎటు కావాలంటే అటు తిరిగే చెయ్యి ఉన్నది, విప్పి తెచ్చి కిటికీ బయట చట్రానికి బిగించాను. ఎదుటి అద్దం వైపు గురిపెట్టాను. ఆ రోజు నుంచి నా గడ్డానికి లాక్‌డౌన్ ఎత్తేసినట్టయింది. ఇల్లు ఖాళీ చేసినప్పుడు కూడా ఆ అద్దం విప్పలేదు. అక్కడే ఉందనుకుంటాను.

మర్నాడు పొద్దున ఎదుటి కిటికీలోని అల్లిక తెర వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. బొంగురుగా, ఖంగుమంటూ.

"అద్దం పెట్టినాయనా, మీ అద్దంలో నాకొక ముసలిది కనపడుతోంది. దాన్ని నేను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. కాస్త అవతలికి తిప్పండి."

సిగ్గుపడుతూ తిప్పాను. ఇంకా అంది. తిప్పాను. ఇంకొంచెం అంది. తరవాత ఆగమంది. అల్లిక తెర ఒకసారి ఉబ్బి అణిగింది.

"ఆ మూలింటి తలుపుకి ఆకుపచ్చ రంగు ఎప్పుడు వేశారు?" అంది చివరికి.

అలా నాకు అసలు సంగతి తెలిసింది. ఆ అద్దాలకూ దిష్టికీ ఏ సంబంధమూ లేదు. తెర తీయకుండా, తల బయట పెట్టకుండా, ఇంట్లో కూర్చున్నచోటు నుంచే వీధి చూసుకోవడానికి పాతకాలం వాళ్ళు పెట్టుకున్నవి. జర్మన్లు వాటిని గూఢచారి అంటారట, డేనిష్‌వాళ్ళు కాస్త మర్యాదగా వీధి అద్దం అంటారట. ఒక్కో కిటికీకి రెండు ఉండేవి, చెరో దిక్కుకు ఒకటి. ఈవిడకు ఉత్తరం వైపుది ఏనాటిదో తుపానులో పగిలిపోయింది. దక్షిణం వైపుది తుప్పుపట్టి ఉన్నచోటే బిగుసుకుంది. మోకాళ్ళు మేడ దిగనివ్వడం మానేశాక, ఆవిడ లెక్కలో వీధికి ఉత్తరం సగం లేదు. నా దిష్టి అద్దం దాన్ని తిరిగి తెచ్చిపెట్టింది. ఆ మాట మా ఆవిడకు చెప్తే "పోన్లెండి, పున్నెం," అంది.

ఆవిడకు వినపడేది తక్కువ. నా జర్మన్ మధ్యస్థాయి పరీక్ష దగ్గర ఆగింది, ఆవిడ చెవులు అంతకంటే ముందే ఆగాయి. ఫోనుకు ఎప్పుడో సెలవిచ్చేసింది. కాబట్టి మా కబుర్లన్నీ కిటికీ నుంచి కిటికీకి కేకలే. పేరుకు ముందు ఫ్రావ్, అంటే శ్రీమతి, అని చేర్చి పిలిచేవాణ్ణి, మనసులో మాత్రం మామ్మగారు. జర్మన్ మాట్లాడుతున్నంతసేపు నన్ను మీరనేది. ఉత్సాహం వస్తే డేనిష్‌లోకి జారేది. అక్కడ రాణిగారు తప్ప అందరూ నువ్వేనట.

వయసులో ఉండగా వెన్న ఓడల మీద పనిచేసిందట. పన్నులేని వెన్నా, సారా, సిగరెట్లూ కొనుక్కోవడానికి జనం ఓడెక్కేవారు. ఓడ డెన్మార్క్ నీళ్ళలోకి వెళ్ళి, అటు ముఖం చూపించి, వెనక్కి తిరిగొచ్చేది. ఆ ఓడలో కౌంటరు వెనక నిలబడి అమ్మేది ఈవిడ. "నా ఉద్యోగమంతా సరిహద్దు దాటడమే. ఎక్కడికీ వెళ్ళింది లేదు," అనేది.

నేను రోజూ పొద్దున దక్షిణం కొసనున్న బేకరీకి వెళ్ళి, వస్తూ ఆవిడకూ రెండు రొట్టెలు తెచ్చేవాణ్ణి. పైనుంచి తాడు కట్టిన బుట్ట దిగేది. రొట్టెలు పైకి వెళ్ళాక బుట్ట మళ్ళీ దిగేది, అందులో నల్లటి మిఠాయి బిళ్ళ ఒకటి. మొదటి రోజు ఆశగా నోట్లో వేసుకున్నాను. ఉప్పు. ఉప్పంటే మామూలు ఉప్పు కాదు, నవసాగరం లాంటి ఘాటు. ఉమ్మేద్దామంటే ఆవిడ అద్దంలోంచి చూస్తోంది. మింగాను.

"డెన్మార్క్‌ది," అంది పైనుంచి. "మా చెల్లెలు తెస్తుంది. అయిపోవస్తున్నాయి."

ఆ చెల్లెలే ఆవిడ గురువారం. పెళ్ళయి సరిహద్దు అవతలి పల్లెకు వెళ్ళిన దగ్గర్నుంచీ ప్రతి గురువారం మధ్యాహ్నం బస్సు దిగి, వీధి ఉత్తరం కొసనున్న పాత ఇటుకల ద్వారం కిందుగా నడిచొచ్చేది. ఉత్తరం అద్దం ఉన్నన్నాళ్ళూ మూలింటి తలుపు దగ్గరే ఆగి, అద్దం వైపు చూసి చెయ్యి ఎత్తేది. అద్దం పోయాక కిటికీ కిందికొచ్చి ఎత్తేది. పైన అక్క చెయ్యి ఎత్తేది. అప్పుడు మేడెక్కి వచ్చి, కాఫీ తాగి, సాయంత్రం దాకా పోట్లాడుకుని, ఆఖరి బస్సుకు వెళ్ళిపోయేది. ఆ మార్చిలో సరిహద్దు మూసేశారు. బస్సు ఆగిపోయింది. ఆవిడ జీవితంలో గురువారం లేని వారాలు అవే మొదలు.

చెయ్యి ఎత్తడానికి ఒక నియమం ఉండేది. ఒకప్పుడు ఆ వీధిలో పిల్లలు బడికి వెళ్తూ మలుపు దగ్గర ఆగి అద్దాల వైపు చేతులెత్తేవారట. కిటికీలో తల్లి ఎత్తేది. తల్లి దించేదాకా పిల్లలు దించకూడదు. నేను మొదటిసారి ఊరికే అలా ఊపి, రొట్టెల సంచీ సర్దుకుంటూ దించేశాను. పైనుంచి కేక పడింది. "నేను ఇంకా దించలేదు. మీరు దించేస్తే నా చెయ్యి ఎవరికోసం ఎత్తినట్టు?" అప్పట్నుంచి రోజూ అద్దం కింద నిలబడి, బళ్ళో హాజరు పలికేవాడిలా చెయ్యి ఎత్తేవాణ్ణి. అద్దంలో ఒక కన్ను, సగం చెంప, పిన్ను పెట్టిన తెల్లటి జుట్టు, పక్కనే ఐదు వేళ్ళు కనపడేవి. కావాలనే ఆలస్యం చేసేది. ఒకరోజు పోలీసాయన సైకిలు ఆపి, మాస్కు సర్దుకుని, ఎవరికి చెయ్యి ఎత్తారని అడిగాడు. పైవాళ్ళకు అన్నాను. ఆయన ఆకాశం వైపు చూసి, నన్ను ప్రార్థన చేసుకోనిచ్చి వెళ్ళిపోయాడు.

"మా చెల్లెలు ఒక్కసారి కూడా ముందు దించలేదు," అనేది ఆవిడ. "ఒకసారి వడగళ్ళు పడుతుంటే ఏడిపించాను. టోపీ మీద టకటకా పడుతున్నాయి. అలాగే నిలబడింది మొండిఘటం."

సాయంత్రాలు మీటింగులయ్యాక నేను కాఫీ కప్పుతో కిటికీలో చేరేవాణ్ణి. ఆవిడ నా అద్దంలోకి చూస్తూ వీధి చరిత్ర చెప్పేది. మూలింట్లో టోపీలు కుట్టేవాడుండేవాడు. భార్య మీద అనుమానంతో వీధి అద్దాన్ని వంటింట్లోకి తిప్పుకున్నాడు. చివరికి భార్యే అతన్ని ఆ అద్దంలో పట్టుకుంది. పక్కింట్లో రమ్ము వ్యాపారి. రాజుగారి జెండా కట్టుకుని ఓడలు దూరపు దీవులకు వెళ్ళి పీపాలతో తిరిగొచ్చేవి. పీపాలు గేట్లోంచి దొర్లిస్తుంటే వీధిలోని కప్పులన్నీ అలమరల్లో గలగలలాడేవట.

మొదట్లో ఉండేవాడు, కుట్టేవాడు అని చెప్పేది. ఏప్రిల్ వచ్చేసరికి కుడుతున్నాడు, తిడుతోంది అనడం మొదలుపెట్టింది. నా జర్మన్ మీద నాకు గౌరవం తక్కువ కాబట్టి, పొరపాటున విన్నాననుకున్నాను. కాని ఒక సాయంత్రం మాట మధ్యలో ఆపి, "ఇదుగో, బయటికొచ్చింది," అంది. ఎవరన్నాను. "టోపీలవాడి భార్య. బకెట్టు నీళ్ళు పారబోసింది. ఎప్పుడూ ఇంతే, ఎవరొస్తున్నారో చూసుకోదు." నేను నడుం దాకా బయటికి వంగి చూశాను. ఉత్తరం కొస దాకా రాళ్ళు, మూసిన తలుపులు, తీగల మీద బూట్లు. ఇంకేమీ లేదు.

ఇంకో రోజు, పీపాలు వస్తున్నాయంది. నేను నవ్వేలోపల, రాళ్ళ మీద ఏదో బరువైనది దొర్లుతున్న చప్పుడు వినపడింది. కమాను గేటు వైపు నుంచి మొదలై, మా కిటికీల కిందుగా సాగి, రేవు వైపు తగ్గిపోయింది. నా చేతిలో కప్పు గలగలలాడింది. ఎవరో చెత్త డబ్బా ఈడ్చుకెళ్తున్నారని నాకు నేను చెప్పుకున్నాను. లోపలికి వెళ్ళి కేలెండరు చూశాను. ఆ వారంలో చెత్త తీసుకెళ్ళే రోజు కాదు. జర్మనీలో తప్పు రోజున చెత్త డబ్బా బయటపెట్టే మనిషి దయ్యంకన్నా అరుదు.

ఆ దూరపు దీవుల్లో రమ్ము కోసం చక్కెర పండించిన బానిసలు కూడా కనపడతారా అని అడిగాను ఒకసారి. ఆవిడ తేలిగ్గా తీసుకోలేదు.

"వాళ్ళు ఈ వీధికి రాలేదు. చక్కెర వచ్చింది, రమ్ము వచ్చింది. రానివాళ్ళని చూశానంటే అబద్ధమవుతుంది." కాస్త ఆగి, "రానివ్వలేదు," అంది. "వచ్చినవాళ్ళే కనపడతారు. మీరు కనపడతారుగా."

కిటికీలో ఉన్నాను కాబట్టి కనపడతానన్నాను.

"ఇక్కడ కాదు, అటు. దక్షిణం అద్దంలో. పొద్దున మీరు బేకరీ నుంచి వచ్చి, రొట్టెలిచ్చి, మెట్లెక్కి వెళ్ళిపోతారు. తరవాత కాసేపటికి మళ్ళీ మీరే వస్తారు. నెమ్మదిగా, చేతిలో సంచీ లేకుండా. చెయ్యి మాత్రం ఎత్తరు."

ఆ రాత్రి మా ఆవిడకు ఇదంతా చెప్పకుండా ఉండాల్సింది. మనుషుల్లేని వీధిలో మనుషుల్ని చూపిస్తున్న అద్దాన్ని ముందు తీసెయ్యమంది. పాప ఫోనులోకి తల దూర్చి, పసిపిల్లల బడి కీటాలో నేర్చుకున్న జర్మన్‌లో, ఆ మామ్మకి భయమేస్తోందా అని అడిగింది. భయమేసింది నాకు. లేచి వెళ్ళి కిటికీ తెరిచాను కూడా. ఎదుట తెర వెనక చిన్న దీపం, అది నా అద్దంలో ఇంకో చిన్న దీపం. తీసేస్తే ఆవిడకు మళ్ళీ సగం వీధే. చెల్లెలు వచ్చే సగం పోతుంది. కిటికీ మూసి వచ్చి పడుకున్నాను.

రోజూ ఒక నర్సు వచ్చి ఆవిడను చూసి వెళ్ళేది. ప్లాస్టిక్ గౌను, మాస్కు, కళ్ళద్దాలు, అన్నిటి వెనకా పాపం అలసిపోయిన కళ్ళు. ఒకరోజు కింద నన్నాపి, ఆవిడకు గుండె బాగా బలహీనపడిందనీ, తినడం తగ్గిందనీ, వృద్ధుల ఇంట్లో గది దొరికినా కదలనంటోందనీ చెప్పింది. నన్ను నచ్చజెప్పమంది. ఎప్పుడడిగినా ఒకటే మాటట, గురువారం దాకా ఆగండి అని. ఆ గురువారం వెళ్ళిపోతే వచ్చే గురువారం దాకా.

కిటికీలోంచి నా శక్తికొద్దీ నచ్చజెప్పాను. అక్కడ తోట ఉందట అన్నాను.

"కిటికీలు తోటలోకి ఉన్నాయి, చూశాను," అంది. "తోటలోంచి ఎవరొస్తారు? ఉడతలొస్తాయి." తరవాత గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గించడం నేను విన్నది అదొక్కసారే. "సరిహద్దు ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తారు. అది బస్సు దిగి, ఆ తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఎత్తుతుంది. ఎత్తినప్పుడు నేను ఇక్కడ ఉండకపోతే, మా చెల్లెలు చెయ్యి దించదు. దానికి దించడం రాదు."

ఏప్రిల్ చివర ఒక గురువారం, మంచి ఎండ. నేను వీధి వైపు వీపు పెట్టి మీటింగులో ఉన్నాను. అయ్యాక కిటికీ దగ్గరకు వెళ్తే నేను పలకరించేదాకా ఆవిడ ఆగలేదు.

"ఇవాళ వచ్చింది. చూశావా?"

నువ్వు అంది. ఎవరో అడగనక్కర్లేకపోయింది. మీటింగులో ఉన్నానని చెప్పాను. మూలింటి తలుపు దగ్గర ఆగిందట. పసుపు రెయిన్‌కోటు, కోటు నిండా నీళ్ళు కారుతున్నాయట. చెయ్యి ఎత్తిందట. తనూ ఎత్తిందట. కాసేపు ఏడిపించి దించిందట. "పైకి రాలేదు. రూలు ఉంది కదా. మా చెల్లెలికి రూలంటే చచ్చేంత భయం," అంది.

నేను ఎండలో మెరుస్తున్న రాళ్ళను చూశాను. వచ్చినవాళ్ళే కనపడతారని చెప్పిన మనిషి ఆవిడ. సరిహద్దు దగ్గర కంచె ఉందనీ, పోలీసులున్నారనీ ఆవిడకూ తెలుసు. మీ చెల్లెలు బావున్నారా అని అడిగాను. చిక్కిపోయిందంది.

ఆ తరవాత ప్రతి గురువారం చెల్లెలు వచ్చింది. కోటు మళ్ళీ తడవలేదు. నల్ల బిళ్ళలు అయిపోయాయి. బుట్ట ఖాళీగా దిగేది. "తెస్తుంది, చేతిలో సంచీ కనపడింది," అనేది. సరిహద్దు తెరుస్తారన్న మాట వార్తల్లో వచ్చింది. కేకేసి చెప్పాను. తెర వెనక నుంచి ఆవిడ చప్పట్లు కొట్టింది, రెండు ఎండు రొట్టెలు ఒకదానికొకటి తగిలినట్టు.

ఆ వారం గురువారం పొద్దున చెయ్యి ఎత్తింది, ఎప్పటిలాగే ఏడిపించి దించింది, బుట్ట పైకి లాక్కుంది. సాయంత్రం నర్సు కిటికీ తెరిచి నన్ను పిలిచింది. అల్లిక తెర పూర్తిగా తొలగి ఉండడం నేను చూడ్డం అదే మొదలు. ఆవిడ కుర్చీలోనే పోయిందట. ముఖం తన అద్దం వైపు లేదట, మా కిటికీ వైపు ఉందట. మోచెయ్యి కిటికీ చట్రానికి ఆనుకుని, చెయ్యి పైకి లేచే ఉందట. "దించడం కష్టమైంది," అంది నర్సు, పనిలో పడే ఇబ్బంది చెప్పినట్టుగా. నా అద్దం ఖాళీ వీధిని చూసుకుంటూ ఉంది.

ఖననానికి కొద్దిమందినే రానిచ్చారు. అనుమతి తెచ్చుకుని, ఆ వారమే మళ్ళీ మొదలైన బస్సులో చెల్లెలు వచ్చింది. అంతా అయ్యాక సాయంత్రం వీధిలోకి వచ్చి ఆ కిటికీ కింద నిలబడింది. పసుపు రెయిన్‌కోటు. కిటికీలోంచి చూసి మాస్కు తగిలించుకుని దిగి వెళ్ళాను. పొట్టిగా, నిటారుగా ఉంది. కళ్ళు మాత్రం నేను అద్దంలో చూసిన కన్నే, రెండు.

నేనెవరో చెప్పుకునేలోపలే ఆవిడ మా కిటికీ వైపు చూపించి, ఆ అద్దం ఎవరిదని అడిగింది. నాదే, గడ్డం గీసుకునేదన్నాను. మాస్కు పక్కల నుంచి పొంగుతున్న గడ్డం చూసి నమ్మింది. అది అక్కడికి ఎలా వచ్చిందో, మీ అక్కగారు ఎలా తిప్పించారో చెప్పాను. ముసలిది కనపడుతోందన్న మాటకు నవ్వింది. ఆ నవ్వు చూసి ధైర్యమొచ్చి, ప్రతి గురువారం అందులో మీరు కనపడేవారట అనేశాను.

నవ్వు ఆగింది. "ఏ రంగు కోటు?"

"ఇదే. ఒకసారి నీళ్ళు కారుతోందన్నారు. ఏప్రిల్ చివర."

ఆవిడ రాళ్ళ వంక చూస్తూ, ఎవరికీ చెప్పొద్దన్నట్టు, మెల్లగా చెప్పింది. బస్సు ఆగిపోయిన దగ్గర్నుంచీ ప్రతి గురువారం కోటు వేసుకుని తమ ఊరి బస్సు స్టాపులో కూర్చునేదట. బస్సు ఉండి ఉంటే ఈ వీధికి చేరే వేళ దాకా కూర్చుని, అప్పుడు లేచి, ఇటు తిరిగి చెయ్యి ఎత్తేదట. ఆ ఒక్క రోజు అటువైపు పెద్ద వాన. స్టాపుకు కప్పు కారుతుందట.

నా నోటివెంట ఒకటే ప్రశ్న వచ్చింది. "మరి ఎప్పుడు దించేవారు?"

"అక్క దించాక," అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆవిడే చెప్పింది. "కిందటి గురువారం అక్క దించలేదు. చూశాను, చూశాను. చీకటి పడింది. పక్కింటాయన వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు."

నర్సు చెప్పింది నేను ఆవిడకు చెప్పలేదు. ఆవిడ నన్ను అడగలేదు. సంచీలోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. నల్ల బిళ్ళలు. తరవాత వీధి వెంట ఉత్తరానికి నడిచింది. ఏం చెయ్యాలో తెలియక నేనూ వెనకే నడిచాను. మూలింటి ఆకుపచ్చ తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, మా కిటికీ బయటి అద్దం వైపు చూసి, కుడిచెయ్యి ఎత్తింది.

అక్కడి నుంచి ఆ అద్దంలో ఏం కనపడుతుందో నాకు తెలుసు. పైకిటికీ, అల్లిక తెర, ఒక కుర్చీ. నేను అటు చూడలేదు. తల ఎత్తి తీగల మీది బూట్లను చూస్తూ నిలబడ్డాను. గాలి లేదు. అవీ నిలబడే ఉన్నాయి. నోట్లో ఒక బిళ్ళ వేసుకున్నాను, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి. అది పూర్తిగా కరిగిపోయింది. ఆవిడ చెయ్యి కదల్లేదు. పక్కన నిలబడ్డ నాకు ఆవిడ ఊపిరి వినపడుతోంది. అక్క చెప్పింది నిజమే, దించడం రాదు. చీకటి పడితే ఈ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాల్సింది నేనేనని అనుకుంటున్నాను.

అప్పుడు రెయిన్‌కోటు చిన్నగా గరగరమంది. ఆవిడ చెయ్యి దించింది.

"బస్సుకు వేళయింది," అంది.